గేటు తెరవకుండా ఆగిన ప్రోగ్రామ్

దయ్యాలున్నాయా అని నన్నెవరైనా అడిగితే లేవనే చెప్తాను. ఇప్పటికీ అదే మాట. ప్రోగ్రామ్ తేడాగా నడిస్తే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఆ నమ్మకం మీదే నా బతుకుతెరువు. వెతికినా దొరకని కారణం ఇంతవరకు ఒక్కటే. దాన్ని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల దశకంలో నిజామాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. బోధన్ అవతల ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ కాంటాకు జావాలో ప్రోగ్రామ్ రాస్తున్నాం. కాంటా అంటే చెరుకు ట్రాక్టర్లను తూచే పెద్ద ఇనుప పలక. నేలకు సమంగా ఉంటుంది, కింద గుంత, అందులో బరువు పట్టే సెన్సార్లు.

ప్రోగ్రామ్‌ను మూడు మాడ్యూళ్లుగా విడగొట్టాం. ఒకటి తూకం చదువుతుంది. ఒకటి స్లిప్పు అచ్చేస్తుంది. మూడోది గేటుది. పలక మీద తూకం సున్నాకు రాగానే అడ్డకర్రను లేపి తర్వాతి బండిని రానిస్తుంది.

గేటు మాడ్యూల్ రాసింది మా సీనియర్ డేవిడ్ అన్న. ప్రోగ్రామ్‌లో ఒక్కో విలువకు ఒక్కో పేరు పెడతాం. అందరూ ఇంగ్లీషు పేర్లు పెడితే, ఆయన ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు పేర్లు పెట్టేవాడు. బరువు, బండి, ఆగాలా, ఇట్లాంటివి. మేం నవ్వితే, "రేపు మీకే అక్కరకొస్తది, నవ్వుండ్రి" అనేవాడు. ఆ వానాకాలంలో కామెర్లతో చనిపోయాడు. ఆయన కంప్యూటర్ డిస్కు అంతకు ముందే పాడైంది. ఆ మాడ్యూల్ కంపైలైన ఫైలుగా మాత్రమే మాకు మిగిలింది. అంటే నడుస్తుంది, కానీ రాసిన కోడ్ చదవడానికి లేదు.

చెరుకు ఆడించడం, అంటే క్రషింగ్, మొదలుపెట్టే రోజు పొద్దున పూజ చేశారు. కాంటా పలక మీదే కొబ్బరికాయ కొట్టడం అక్కడి ఆనవాయితీ. పూజ అయ్యాక తూకం సున్నాకు రాలేదు. ఖాళీ పలక మీద ఏదో బరువు చూపిస్తోంది. మొదటి ట్రాక్టరు రెండు ట్రాలీల చెరుకుతో అడ్డకర్ర ముందు నిలబడి ఉంది.

నేను క్యాబిన్‌లో ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రామ్‌ను ఐడీఈ నుంచి, అంటే మేం కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ నుంచి, డీబగ్‌లో నడిపాను. డీబగ్ అంటే, అనుమానమున్న లైను మీద గుర్తు పెడతాం. ప్రోగ్రామ్ అక్కడికొచ్చి ఆగుతుంది. అప్పుడు ఏ పేరులో ఏ విలువ ఉందో చూసుకోవచ్చు. తూకం మాడ్యూల్‌లో గుర్తులు పెట్టి చూశాను, తీసేశాను. గేటు మాడ్యూల్‌లో పెట్టలేదు. కోడ్ లేని చోట పెట్టడానికి లైనే ఉండదు.

కాంటా నడిపే యాదగిరి మా బాపు ఈడువాడు. కాసేపు నా వెనక నిలబడి చూశాడు. "నీ డబ్బాల ఏం లేదు సారూ, పరేషాన్ గాకు" అని బయటికి పోయాడు. చాయ్‌కి పోయాడనుకున్నాను.

కొంతసేపటికి తూకం దానంతటదే సున్నాకు వచ్చింది. అడ్డకర్ర లేవాలి. లేవలేదు. ప్రోగ్రామ్ ఆగిపోయింది.

ఐడీఈలో గేటు మాడ్యూల్ పేజీ తెరుచుకుంది. కోడ్ దొరకలేదన్న సందేశం రావాల్సిన చోట కోడ్ ఉంది. బాణం గుర్తు ఒక లైను దగ్గర నిలిచింది. ఆ లైనులో ఉన్న పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, లోపలమనిషి. దాని విలువ ట్రూ, అంటే నిజం.

బయట ట్రాక్టరు డ్రైవరు హారన్ కొడుతూ, "ఓ భావూ, గేట్ ఉఘడా నా!" అని గేటు తియ్యమని మరాఠీలో అరుస్తున్నాడు. ప్రోగ్రామ్‌ను ముందుకు నడిపే మీట మీదే నా వేలుంది. నొక్కితే గేటు తెరుచుకుంటుంది. ఆ పేరును ఇంకోసారి చదివాను. వేలు తీసి కిటికీ దగ్గరికి వెళ్లి, "కింద ఎవరన్నా ఉన్నరా?" అని అరిచాను.

పలక కింది నుంచి యాదగిరి గొంతు వచ్చింది. "నేనే సారూ! కొబ్బరి ముక్క ఇరికింది, గుంజిన. చెయ్యి వస్తలేదు. బండిని రానియ్యకుండ్రి!"

గుంత మూత క్యాబిన్ వెనక ఉంటుంది, నాకు కనబడదు. పరుగెత్తి చూస్తే అతని కుడిచెయ్యి భుజం దాకా పలకకూ సెన్సారుకూ మధ్య ఉంది. అతను ముక్క తీయడం వల్లే తూకం సున్నాకు వచ్చింది. సున్నాకు వస్తే గేటు లేవాలి.

చెయ్యి నెమ్మదిగా బయటికి తీశాం. మోచెయ్యి దగ్గర తోలు లేచింది, అంతే. "ఎట్ల దెలిసె సారూ?" అన్నాడు. ప్రోగ్రామ్ ఆగిందన్నాను. "హుషారున్నదే నీ ప్రోగ్రామ్!" అని, కొబ్బరి ముక్కను నల్లా కింద కడిగి సగం నాకిచ్చాడు. ప్రసాదం కదా, పారెయ్యొద్దన్నాడు.

తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద కోడ్ లేదు. కోడ్ దొరకలేదన్న సందేశమే ఉంది. గుర్తుల జాబితా ఖాళీ. పాత కాపీ ఏదైనా మిగిలిందేమోనని డిస్కంతా వెతికాను. కంపైలైన ఫైలును ఒక టూల్‌తో విప్పి చూశాను. ఆ పేరు అందులో ఎక్కడా లేదు.

పేరు నేను ఊహించుకున్నానని అనుకుందాం. కానీ గేటు లేవకపోవడం డ్రైవరు కూడా చూశాడు. పోనీ, డేవిడ్ అన్న నిజంగానే అలాంటి పేరు పెట్టి ఉన్నాడనుకుందాం. అది నిజం అని కంప్యూటరుకు ఎవరు చెప్పాలి? గుంతలో మనిషి ఉన్నాడని చెప్పే వైరు గాని, స్విచ్చు గాని ఆ ఫ్యాక్టరీలో లేదు.

మేనేజరు అడిగితే కేబుల్ లూజైందని చెప్పాను. ఆయన నమ్మాడు. నేనూ నమ్మడానికి చాలాసార్లు ప్రయత్నించాను.

ఆ సీజనంతా యాదగిరి కుడిచేత్తోనే స్లిప్పులు చింపి రైతులకిచ్చాడు. ఆ చెయ్యి ఎలా దక్కిందో నేను చెప్పలేను.