నా కార్డు నా దగ్గరే ఉంది బిడ్డా

నిన్న పొద్దున మొక్కల నర్సరీలో కవర్లలో మట్టి నింపుతుంటే ఫోన్ మోగింది. పేరు చూస్తే నా బిడ్డ అనిత.

ఎత్తి, "ఏం బిడ్డా, తిన్నవా?" అన్నాను.

మగగొంతు. ఎవరో పెద్దాయన. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద స్కూటీని లారీ గుద్దిందని చెప్పాడు. మీ పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడిగాడు.

అలా అడిగినప్పుడే నాకు అర్థమైంది.

ఇవ్వాళ పొద్దున మా కేతేపల్లిలో, వాళ్ల నాయిన సమాధి పక్కనే మట్టి చేసొచ్చాం.

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో ఇప్పుడు నేను, దాని ఫోన్. ఛార్జింగ్ పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఇందాక దానికి వేరే నర్సరీవాళ్లెవరో చేశారు, అనిత మేడం రేపు వస్తున్నారా అని. రాదు అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక పెట్టేశాను.

ఈ ఫేస్‌బుక్ నాకు తనే పెట్టిచ్చింది. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే ఏమనుకోకండి.

నీ బిడ్డ ఏం జాబ్ చేస్తుంది అని చాలామంది అడిగేవాళ్లు. మొక్కల కంపెనీ అనేదాన్ని. డిగ్రీ చదివి మొక్కలకు నీళ్లు పోస్తుందా అని మా ఆడబిడ్డ నవ్వింది కూడా.

అది కాదు పని. హైదరాబాద్‌లో ఆఫీసులకు, అపార్ట్‌మెంట్లకు గార్డెన్లు వేసే కంపెనీ అది. మొక్కలు, లాన్ గడ్డి, కుండీలు ఎక్కడెక్కడి నుంచో కొంటారు. అవి తయారయ్యే చోట మనుషులను కట్టడి చేసి పని చేయిస్తున్నారా, వెళ్తానంటే వెళ్లనిస్తున్నారా, అది చూసి రావడం అనిత డ్యూటీ.

"మొక్క మంచిగున్నదా లేదా చూసేటోళ్లు వేరే ఉన్నరమ్మా. మొక్కకు నీళ్లు పోసినామె మంచిగున్నదా, గది నేను చూస్త" అనేది.

ఇప్పుడు చెప్పేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను మేస్త్రీని. మా నర్సరీలో పదహారు మంది ఆడవాళ్లు నా కింద పనిచేస్తారు. ఎక్కువమంది పాలమూరు వైపు నుంచి వచ్చి అక్కడి షెడ్లలోనే ఉంటారు. ఒక వానాకాలం షెడ్డులోకి నీళ్లొచ్చి ఇద్దరి ఆధార్ కార్డులు పాడయ్యాయి. అప్పుడు నేనే అన్నాను, అందరివీ నాకివ్వండి, భద్రంగా పెడతానని. బిస్కెట్ డబ్బాలో పెట్టి తాళం వేశాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

తర్వాత ఓనర్ సారు, ఎవరైనా కార్డు అడిగితే ముందు నాకు ఫోన్ చెయ్ అన్నాడు. సరే అన్నాను. దాంట్లో ఏముంది అనుకున్నాను.

పోయినేడు దాని కంపెనీ మా నర్సరీలో మొక్కలు కొనడం మొదలుపెట్టింది. చూడటానికి అనితే వచ్చింది. మా అమ్మ పనిచేసే చోటని ఆఫీసులో ముందే చెప్పిందట. అందుకని ఇంకో మేడంను తోడు పంపారు.

ఆ రోజు నన్ను అమ్మా అనలేదు. అందరికీ పెట్టినట్టే నమస్తే పెట్టింది. నన్నూ సారునూ దూరంగా కూర్చోమన్నారు. అది చెప్పులు విడిచి ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్లతోపాటు కవర్లు నింపుతూ మాట్లాడింది. ఎక్కడికి పోయినా దాని పద్ధతి అదే. కాగితం బయటికి తీసేది కాదు. తల్లిగారింటికి ఎప్పుడు పోయొచ్చినవ్ అని అడిగేది. దానికి జవాబు తడబడితే ఇక విషయం తెలిసిపోయేది.

కాసేపటికి ఆడవాళ్లందరూ తిరిగి నావైపు చూశారు.

కార్డులు ఎవరి దగ్గరున్నాయని అడిగిందట.

కన్నతల్లి పేరు రిపోర్టులో రాసింది.

సాయంత్రం అది ఇంటికొస్తే నేను అన్నం పెట్టలేదు. "నలుగుర్ల నన్ను దొంగను చేసినవ్" అన్నాను.

"దొంగవని ఎవరన్నరు? నీ కింద చేసే చెన్నమ్మ లేదా, వాళ్ల నాయిన మంచం పట్టి రెండు నెలలాయె. పోతనని నిన్నెందుకు అడగలే మరి?"

"నాకేం ఎరుక? అడిగితే ఇయ్యకపోదునా?"

"అడగనీకి భయపడ్డదమ్మా. నీకు."

నన్ను చూసి భయపడే మనిషి ఈ లోకంలో ఉందని నాకు అంతవరకు తెలియదు.

"సరే, నీ కార్డేది?" అంది.

నాది సారు దగ్గర. పనిలో చేరిన రోజు ఇచ్చాను, మళ్లీ అడగలేదు. అనిత చదువుకునేటప్పుడు హాస్టల్లో కామెర్లతో పడిపోతే, అప్పుడు కూడా అడగలేదు. సారు పోవద్దన్నాడు, నేను ఊరుకున్నాను. దానికి మాత్రం పని ఎక్కువుంది బిడ్డా అని ఫోన్‌లో చెప్పాను.

ఆ మాట ఆ రోజు చెప్పేశాను.

"గందుకా నువ్వు రాలే" అంది. లేచి, రెండు కంచాల్లో అన్నం పెట్టుకొచ్చింది.

ఆఫీసులో పెద్దవాళ్లు, అక్కడ కొనడం మానేద్దాం అన్నారట. అది ఒప్పుకోలేదు. మానేస్తే ఆ ఆడవాళ్ల కూడే పోతుంది, ముందు కార్డులు ఇప్పించి, పోతానంటే ఆపనని సారుతో రాయించుకుందాం అని పట్టుబట్టింది. డబ్బా తాళం నేనే తీశాను. పేరుపేరునా పిలిచి ఎవరిది వాళ్ల చేతిలో పెట్టాను. వానకు తడవకుండా తలా ఒక జిప్ కవరు అనిత తెచ్చింది. ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదు.

చెన్నమ్మ మర్నాడే బస్సెక్కింది. వాళ్ల నాయినను చూసుకుని, పది రోజులకు తనంతట తనే తిరిగొచ్చింది. నిన్నటి నుంచి నా పక్కన ఉన్నది ఆమే. ఇందాకే నేనే పొమ్మన్నాను.

నా కార్డు కూడా సారు ఇచ్చేశాడు. "నడుము సంచిల పెట్టుకో. మళ్ల డబ్బాల పెట్టినవనుకో, మేస్త్రమ్మా, నీ మీద ఇంకో రిపోర్ట్ రాస్త" అని నవ్వింది.

నిన్న దవాఖానలో, మీరు తల్లేనా, ఆధార్ ఉందా అని అడిగారు.

నడుము సంచిలోంచి తీసిచ్చాను.

చూసి, రాసుకుని, నిన్ను నాకు అప్పజెప్పారు.

ఫోన్ రాగానే చేతిలో మట్టి అక్కడే వదిలేసి గేటు దాటాను బిడ్డా. సారును అడగలేదు. ఎవరినీ అడగలేదు.

హాస్టల్‌కు రాలేకపోయాను. నిన్న మాత్రం వచ్చాను.

పోయిరా అనితా. ఎండలో ఎన్ని నర్సరీలు తిరిగావో. ఇక నిమ్మళంగా పడుకో తల్లీ.