చేపనూనె పూసిన పైపు

మైపాడు దారిలో రేకుల షెడ్డు సమాధానం అనే మెకానిక్కుది. పడవ మోటార్లు బాగుచేస్తాడు. చేతిలో సర్టిఫికెట్టు లేదు. ఉన్నవాళ్లు ఈ ఇసుకలోకి రారు కాబట్టి ముప్పై ఏళ్లుగా రేవు మొత్తానికీ అతనే దిక్కు.

ఆ రాత్రితో రెండు నెలల చేపల వేట నిషేధం ముగుస్తుంది. సాయంత్రం జాలరి చిన్నపోలయ్య తన పడవ మోటారు భుజాన వేసుకొచ్చి దించాడు. సునామీ తర్వాత దాతలు పంచినవాటిలో ఇంకా తిరుగుతున్నది అదొక్కటే.

"స్టార్టవుతుండాది, రెండు నిమిషాలకే ఆగిపోతుండాదన్నా. రేప్పొద్దున ఇది కదలకపోతే ఇంకొకరి పడవలో కూలికి పోవాల్సిందే."

సమాధానం ట్యాంకు పైపు మధ్యనున్న, పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డిని నొక్కాడు. పెట్రోలు నిండి గట్టిపడాల్సింది, ఎన్నిసార్లు నొక్కినా మెత్తగానే ఉంది. అంటే పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. మోటారు మూత తీసి ముక్కు చిట్లించాడు.

"ఏంది పోలయ్యా, మోటారుకు చేపల వాసన?"

"పడవ చెక్కకు చేపనూనె పూసినా గదా. మిగిలింది పైపులకు పూసినా, ఎండకు పగలకుండా."

"ఎలకలకు విందు పెట్టినావు."

క్లిప్పు కింద సన్నటి పళ్లగాట్లు. చిన్నపోలయ్య తల గోక్కున్నాడు.

"నా దగ్గర నీళ్ల పైపు ముక్కుండాది. అది వేసెయ్."

"ఇప్పటి పెట్రోలుకు అది నెల తిరక్కుండా కట్టెలా బిగుసుకుపోతాది. నడిసముద్రంలో విరిగితే ఎవర్ని కేకేస్తావు?"

పెట్రోలులో స్పిరిటు కలుపుతున్నారు. పాత రబ్బరు దానికి తట్టుకోదని రేవుకొచ్చి చెప్పిన అధికారి ఒక్కడూ లేడు. సమాధానం తెగిన పైపులు చూసి చూసి సొంతంగా నేర్చుకున్నాడు. నెల్లూరు నుంచి తెచ్చిన కొత్త పైపును పాతదాని పక్కన పెట్టి, వేలెడు పొడవు ఎక్కువే కోశాడు. మోటారు పక్కకు తిప్పినప్పుడు లాక్కోకూడదు. మోటారులోని పైపు ముక్కలన్నీ ఒకటే వయసువని మూడూ మార్చాడు. నీళ్ల డ్రమ్ములో మోటారు ఆగకుండా తిరిగింది.

అయినా డ్రమ్ములో అలలుండవు. పైపులు మార్చిన ప్రతి మోటారుతో మొదటిసారి అలలు దాటేవరకు తానూ పడవలో పోతాడు, ఆపైన ఒడ్డుకొచ్చే ఏదో పడవెక్కి తిరిగొస్తాడు. తన పనికి తన ప్రాణమే పూచీగా ఉండాలని అతని పట్టుదల.

"రేపు ఆదివారం. పాస్టరుగారు అడిగితే ఏం చెప్పేది?" అంది ఆ రాత్రి భార్య రెజీనా.

"ఏసయ్య పిలిచినప్పుడు పేతురు పడవలోనే ఉండినాడని చెప్పు."

"ఆయన మునగబోయినాడు గదా."

"అందుకే పైపు పట్టుకోని కూర్చుంటా."

తెల్లవారి మూడో అల మీద మోటారు రెండుసార్లు దగ్గింది. సమాధానం బుడ్డిని నొక్కి చూశాడు. లోపలికి పీల్చుకుని అతుక్కుపోయి ఉంది, అంటే గాలి ఎక్కడా చొరబడటం లేదు. పైపుల తప్పు కాదు. కళ్లు ట్యాంకు మూత మీదికి పోయాయి.

"ట్యాంకులోకి గాలి పోయే మర తిప్పలేదేంది? గాలి పోకుంటే పెట్రోలు ఎట్టొస్తాది?"

"తొందర్లో మర్చిపోయినా."

మర తిప్పాక మోటారు గొంతు సవరించుకుని ఒకే శ్రుతిలో సాగింది. అలలు దాటారు. సమాధానం ఒడ్డు వైపు చూశాడు. ఒక్క పడవా వెనక్కి పోవడం లేదు. రెండు నెలల ఆకలితో అన్నీ లోపలికే.

"నిన్ను దించేదానికి ఎనక్కి తిప్పితే వేళ దాటిపోతాదన్నా," అన్నాడు చిన్నపోలయ్య, నవ్వు దాచుకుంటూ. "ఆ వల చివర పట్టుకో."

చర్చికని వేసుకొచ్చిన తెల్లచొక్కా విప్పి, సమాధానం వల అందుకున్నాడు.