దాలమ్మ లేదన్న గోదాం

మా పెద్దమ్మ దాలమ్మ పద్దెనిమిదేళ్ళప్పుడు పెళ్ళయి, మా తెలుగు ఊరి నుంచి బెంగాల్‌లో గంగ ఒడ్డునున్న మెటియాబ్రుజ్ పేటకి వచ్చింది. ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిది. ఈ యాభై ఏళ్ళూ ఒకే గదిలో ఉంది. మా పెదనాన్న కూర్మయ్య ఓడలు బాగుచేసే ఒక కంపెనీలో రంగులు వేసేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. వాళ్ళకు పిల్లలు లేరు. నాలుగుసార్లు కడుపు పోయింది. మా అమ్మ చనిపోయినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా చదివించిందీ, పెళ్ళి చేసిందీ పెద్దమ్మే. నాకు కూతురు పుట్టాక దాన్నీ ఆమే పెంచుతోంది. పొద్దున ఎనిమిదింటికి పాపను ఆమె దగ్గర దింపి, రెండు బస్సులు మారి సాల్ట్ లేక్ వెళ్ళేదాన్ని. అక్కడ నీటి నమూనాలు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం.

పోయిన ఏడాది వర్షాకాలంలో పాప బరువు పెరగడం ఆగిపోయింది. అప్పటికి ఇరవై రెండు నెలలు. వచ్చిన పది పన్నెండు మాటల్లో సగం మానేసింది. డాక్టరు రక్తపరీక్ష రాశాడు. రక్తంలో సీసం ఇరవై మూడు అని వచ్చింది. మూడున్నర దాటితేనే కారణం వెతకాలని ఆయన అన్నాడు. ఆ అంకె చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో, పెద్దమ్మ గదిలో ఉన్నవన్నీ ల్యాబుకు మోసుకెళ్ళాను. కుళాయి నీళ్ళు, పసుపు, కారం, కాటుక, బొమ్మలు, కిటికీ ఊచల మీద పెచ్చులుగా లేచిన రంగు. ఎందులోనూ లేదు. మా ఆయన ఉమామహేశ్ ఒకరోజు, "ఇంక నన్ను కూడా గీకి తీసుకెళ్ళు" అన్నాడు. నేను నవ్వలేదు.

అప్పుడు డాక్టరు నా చిన్నతనం గురించి అడిగాడు. తల్లి ఒంట్లోకి చిన్నప్పుడు చేరిన సీసం ఎముకల్లో ఉండిపోతుంది, గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డకు కొంత చేరుతుంది. ఇది నేను చదువుకున్నదే. నా గురించి అని ఎప్పుడూ అనుకోలేదు.

ఆరేళ్ళ దాకా నేనూ మెటియాబ్రుజ్‌లోనే పెరిగాను. ఆ రోజుల్లోంచి ఒక కట్టడం సగం సగం గుర్తుంది. పొడవాటిది, కిటికీల బదులు గోడ పైభాగాన గుండ్రటి కన్నాలు. రైలు పట్టాలు దాటి వెళ్ళాలి. పెదనాన్నకు క్యారేజీ ఇవ్వడానికి పెద్దమ్మతో వెళ్ళేదాన్ని. తిరిగి వచ్చాక నా అరచేతులు ఎర్రగా ఉండేవి. పెద్దమ్మ వాటిని కొళాయి కింద పెట్టి రుద్దేది. ఆ కట్టడం ఏమిటని ఆమెనే అడిగాను.

"పట్టాల ఏపా? అక్కడేటీ నేదు."

"గుండ్రటి కన్నాలుండేవి పెద్దమ్మా. పెదనాన్న లోపల పనిచేసేవాడు."

"మీ పెదనాన ఓడల మీద సేసేవోడు. గోదాములో ఏం పని ఆయినకి? కలేటైనా ఒచ్చిందేమో నీకు. తిండి మానీసి తిరిగితే అలాగే ఒత్తాయి."

నేను గోదాం అన్న మాటే అనలేదు. అది అప్పుడు నా చెవికి తగల్లేదు.

ఆమె లేదంది కాబట్టి మ్యాపుల దగ్గరికి వెళ్ళాను. పాత సర్వే పటాలు డబ్బు కడితే చూపించే గది ఒకటి ఊళ్ళో ఉంది. అక్కడి గుమాస్తా ప్రొణబ్ బాబు నన్ను చూడగానే బెంగాలీలో, "స్థలం తగాదానా దిదీ, అన్నదమ్ములా, అద్దెదారా?" అని అడిగాడు. ఒక గోదాం వెతుకుతున్నానంటే ఆయనకు అనుమానం ఎక్కువైంది. "తగాదా లేకుండా ఇక్కడికి ఎవరూ రారు" అన్నాడు. మూడు శనివారాలు వెళ్ళాను. ఇప్పుడక్కడ పట్టాలు లేవు, కంపెనీ లేదు, ఆ చోటంతా బట్టలు కుట్టే షెడ్లు. మారనివి మూడు దొరికితే మిగతాది కొలవచ్చు. నది ఒడ్డున స్నానాల ఘాట్ మెట్లు, పెద్దమ్మ ఉండే వరస ఇళ్ళ మూల, మసీదు ముందు దారి తిరిగే మలుపు. ఈ మూడింటినీ ఫోన్‌లోని ఉపగ్రహ చిత్రంలో గుర్తుపెట్టుకుని పాత పటంతో సరిచూశాను. మూడో శనివారం 1961 నాటి పటంలో, పట్టాలకు అవతల, సన్నటి పొడవాటి దీర్ఘచతురస్రం కనిపించింది. దాని మీద చిన్న అక్షరాలతో 'రెడ్ లెడ్ స్టోర్' అని రాసి ఉంది.

రెడ్ లెడ్ అంటే ఎర్ర సీసం. ఓడ అడుగు తుప్పు పట్టకుండా వేసే మొదటి పూత. గోనె సంచుల్లో పొడిగా వచ్చేది, నూనెలో కలిపి పూసేవారు. మెత్తగా, నారింజ కలిసిన ఎరుపులో ఉంటుంది.

ఆ రంగు నాకు బాగా తెలుసు. పటం మీద వేలు పెట్టి ఉండగానే తెలిసింది. అది పెద్దమ్మ గడప రంగు. మా వాళ్ళ ఊళ్ళలో గడపా, అరుగూ, గోడ అంచూ ఎర్రమన్నుతో అలుకుతారు. ఇక్కడి గంగమట్టి బూడిద రంగు. ఆ వరసలో మిగిలిన ఆడవాళ్ళు బజార్లో రంగు కొంటారు, కొందరు మానేశారు. పెద్దమ్మ గడప మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ మెరుస్తూనే ఉంది. కాటుక కూడా పరీక్షించినదాన్ని, పాప రోజుకు పది గంటలు ఆడే గడపను పరీక్షించలేదు. దాన్ని చూసీ చూసీ నాకు అది ఒక వస్తువని కూడా తోచలేదు.

ట్యాక్సీలో వెళ్ళాను. పెద్దమ్మ ముంగాళ్ళ మీద కూర్చుని అరుగు అలుకుతోంది. పాప పక్కనే కూర్చుని ఎర్రటి పూత ఉన్న గిన్నెలో చెయ్యి పెట్టి కలుపుతోంది.

"ఏటే, బేగి ఒచ్చీసినావు?"

నేను పాపను లాక్కుని కొళాయి దగ్గరికి పరిగెత్తాను. కడుగుతూనే చెప్పాను. ఆ గోదాం దొరికిందనీ, ఆ పొడి విషమనీ, చిన్నపిల్లలకు మరీ చెడ్డదనీ, పాప రక్తంలో ఉన్నది అదేననీ. పెద్దమ్మ చేతిలో గుడ్డను గిన్నెలో వేసింది.

"ఇసమైతే మీ పెదనాన తెత్తాడేటి?" అంది.

"ఆయనకు తెలీదు పెద్దమ్మా. గోదాం లేదని ఎందుకన్నావు? నాలుగు నెలలు తిరిగాను."

"ఏటి సెప్పమంటావు? టిపినీ డబ్బాలో పెట్టి రోజూ కూసింత తెచ్చీవోడు. నాను అడిగినాననే. మనూరి గడప నేదని ఏడ్సినాను, కొత్తగా ఒచ్చినప్పుడు. ఆకరికి గేటు కాడ దరవాను డబ్బా మూత తీయించినాడు. అందరి ముందర. దొంగ అనీసి పనిలోంచి తీసీసినారు. ఎర్రమన్నుకి దొంగోడైనాడు మడిసి. ఆ మాట నీతో అంటానా? నీ మొగుడి ముందర అంటానా?"

"మరి ఇంకా ఎందుకు పూస్తున్నావు?"

"ఉజ్జోగం పోయింది దానికోసం. పారబోత్తానా?" మంచం కింద ఇంకా అర సంచి ఉంది. ఆయన ఇరవై ఏళ్ళ పాటు గుప్పెడు గుప్పెడు తెచ్చినదాంట్లో మిగిలింది అది.

నేను సంచికి రెండు ప్లాస్టిక్ కవర్లు తొడిగి మూతి కడుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. మూతికి ముడి పడ్డాక అడిగింది.

"సిన్న గుంటలికి సెడ్డదన్నావు. కడుపులో గుంటలికో?"

అబద్ధం చెప్పాలని అనుకున్నాను. చెప్పలేకపోయాను.

"కడుపులో పిల్లలకు ఇంకా చెడ్డది. కడుపు పోతుంది కూడా. నీకు దానివల్లేనా అంటే, చెప్పలేం."

"మొదటిది పోయినప్పుడు మా అత్త అంది. గడప సుబ్బరంగా ఉంచుకోనేదు, అందుకే నిలవనేదని." ఆమె గొంతులో ఏడుపు లేదు. "రెండోదానికి రెండు పూతలు ఏసినాను. ఆకరి దానికైతే రోజూ ఏసినాను."

ఆ సోమవారం నుంచి పాపను సాల్ట్ లేక్‌లోని ఒక క్రెష్‌లో వేశాను. మేస్త్రీతో గడప, అరుగు చెక్కించి సిమెంటు వేయించాను. డాక్టరు గదంతా కడగాలన్నాడు, కడిగించాను. అయినా పాపను లోపలికి పంపడానికి నాకు ధైర్యం లేదు, అడగడానికి పెద్దమ్మకు నోరు రాదు. ఆదివారాలు వెళ్తే సందులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పాప ఒళ్ళోకి ఎక్కబోతే, "ఆగమ్మా, సేతులు కడుక్కోని ఒత్తాను" అని లేస్తుంది. కడుక్కుని వచ్చి కూడా పట్టుకోదు. పాప మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ఎక్కబోవడం మానేసింది.

మొన్నటి పరీక్షలో అంకె పన్నెండుకు దిగింది. పెద్దమ్మకు చెప్పాను. సంతోషించింది. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నాకూ ఆ రగతం పరీచ్చ సేయిత్తావేటి?"

"చేయిద్దాం. ఒంట్లో ఏమన్నా బాగాలేదా?"

"ఒంట్లో బానే ఉంది. జగ్గమ్మ ఇంకా సావనేదు గదా, గంగ అవతల షాలిమార్‌లోనే ఉంది."

జగ్గమ్మ పెదనాన్న చెల్లెలు. పెద్దమ్మను గొడ్డుమోతుదని పేరు పెట్టి, ఎవరి సీమంతానికీ పిలవనివ్వకుండా చేసింది ఆవిడే.

"కాయితం మీద నెంబరు ఏసి ఇత్తారు గదా. అట్టుకెల్లి దాని మొకం మీద పెడతాను."

రక్తంలోని అంకె ఈ మధ్య ఒంట్లో చేరినదాని సంగతే ఎక్కువ చెబుతుందనీ, నలభై ఏళ్ళ కింద పోయిన బిడ్డల గురించి అది ఏమీ చెప్పదనీ ఆమెకు వివరించాను. శ్రద్ధగా విని తల ఊపింది.

"అది జగ్గమ్మకి తెల్దు గదా" అంది.

సోమవారం తీసుకెళ్తున్నాను. పరగడుపున ఉండక్కర్లేదని చెప్పాను.