ఆకుపచ్చ గొడుగు

ఇల్లు ఖాళీ చేసే పనిలో పడి నిన్న బేస్‌మెంట్ అలమర సర్దుతుంటే, మంచు బూట్ల వెనకాల ఒక గుడ్డసంచీ కనిపించింది. ఎవరిదో చూడగానే గుర్తుపట్టాను గానీ, ముందు అది నేను పెట్టినచోటే ఉందా, ఎవరైనా కదిపారా అని పరీక్షగా చూశాను. ఇంట్లో ఉండేది నేనూ మా ఆయనా, ఆయన బేస్‌మెంట్ మెట్లు దిగి ఏళ్లయింది, అయినా చూశాను. డిటెక్టివ్ నవలలు రాసీ రాసీ నాకీ జబ్బు పట్టుకుందని మా ఆయన అంటారు. నిజానికి జబ్బే ముందు వచ్చింది, నవలలు తర్వాత వచ్చాయి.

కెనడాలో సార్నియా అనే ఊళ్లో, ఓ రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో నా ఉద్యోగం. పగలంతా సీసాలకి చీటీలు అంటించి, ఏ నమూనా ఏ ట్యాంకు నుంచి వచ్చిందో తేడా రాకుండా చూసుకోవడం, సాయంత్రం ఇంటికొచ్చి మారుపేరు పెట్టుకుని హత్యలు చేయించడం. ప్రచురణకర్తంటూ ఎవరూ లేరు; రాసేదీ, దిద్దేదీ, అట్ట బొమ్మ వేయించేదీ, ఆన్‌లైన్‌లో పెట్టి చదవండి బాబూ అని నలుగురినీ బతిమాలేదీ నేనే. అద్దెకు తెచ్చుకున్న నవలకి చివరి పేజీలు చిరిగిపోయి ఉంటే ఎంత గిలగిల్లాడేవాళ్లమో మన ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ఉక్రోషమే నా చేత రాయించిందేమో.

ఆ సంచీ మా ఇంటికి వచ్చింది కొన్నేళ్ల కిందట, మన తెలుగు పిల్లలు ఇక్కడి కాలేజీకి ఒక్కసారిగా వచ్చిపడ్డ రోజుల్లో. అంతవరకూ తెలుగు మాట వినాలంటే గంటలకొద్దీ డ్రైవ్ చేసుకుంటూ పోవాల్సిన నాకు, షాపులో ఉల్లిపాయల దగ్గర కూడా తెలుగు వినబడసాగింది. అక్కడే ఒకరోజు ఒక కరీంనగర్ అమ్మాయి నన్ను ఆపి, “ఆ నవలలు రాసేది మీరే గదా ఆంటీ?” అంది. మారుపేరు సంగతి మా ఆయనకీ, హైదరాబాదులో ఉన్న మా అక్కకీ తప్ప ఎవరికీ తెలియదు. కథల్లో వంతెన, పొగగొట్టాలు, రాని బస్సులు చూసి రచయిత ఈ ఊరి మనిషేనని ఎప్పుడో పట్టేసిందట. నా సామాన్ల చీటీ మీద తేదీతో పాటు టైము కూడా వేసి ఉండటం చూశాక అనుమానం తీరిపోయిందట, నా డిటెక్టివ్ కూడా అలాగే వేస్తాడు కాబట్టి. సంతోషించాల్సింది పోయి, ఈ పిల్లని ఎవరు పంపారా అని నెల రోజులు ఆలోచించాను.

ఆ తర్వాత రోజూ పొద్దున్న ల్యాబుకి వెళ్తూ దాన్ని అది పనిచేసే కాఫీ షాపు దగ్గర దింపడం అలవాటైంది. దాని వెంట మరో ముగ్గురు వచ్చారు. ఆదివారాలు మా ఇంట్లో పులిహోర తింటూ, హంతకుడు వీడంటే వీడని కొట్టుకునేవాళ్లు. ఒకమ్మాయి హత్య జరిగిన ఇంటికి ప్లాను గీసుకొచ్చేది, ఇంకొకమ్మాయి నా డిటెక్టివ్‌లాగా దగ్గి నవ్వించేది.

కొత్త నవల విడుదలకి ముందు నలుగురికీ ప్రింటు తీసి ఇచ్చాను, ఫైలు ఇచ్చేంత నమ్మకం నాకెక్కడిది! చివరి అధ్యాయం వేరే కవర్లో పెట్టి టేపు వేశాను. హంతకుడెవరో ఎవరికి వాళ్లు ఊహించి కవరు మీద రాసి, వచ్చే ఆదివారం అందరం కలిసి చించాలని షరతు. వాళ్లకి చెప్పనిది ఇంకొకటుంది. అసలు కథలో చనిపోయినవాడి గొడుగు నలుపు; ఆ నాలుగు ప్రతుల్లోనూ మాత్రం నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని మార్చాను, బయటికి పొక్కితే ఎవరి వల్లో తెలియాలి కదా. అన్నిటికన్నా చివర తీసిన ఆకుపచ్చ గొడుగు ప్రతి కరీంనగర్ అమ్మాయిది.

ఆ ఆదివారం ఇంకా రాకముందే, డిటెక్టివ్ కథల అభిమానుల గ్రూపులో ఎవరో పెద్దమనిషి ముగింపంతా రాసేశాడు, ఆకుపచ్చ గొడుగు దగ్గరే నాకు వెలిగిందంటూ. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నా పన్నాగం పారిందని ముందు మురిసిపోయాను, ఆ తర్వాతే మండిపడ్డాను. ఒక్కమాట అడగలేదు. ఆదివారం లేదన్నాను, కారు రిపేరన్నాను. ఆ అమ్మాయి తన ప్రతిని సంచీలో పెట్టి మా తలుపుకి తగిలించి వెళ్తే, విప్పకుండా బూట్ల వెనక్కి విసిరేశాను. వారం తర్వాత, మంచు పడుతున్న ఒక పొద్దున్న బస్‌స్టాపులో నా కారు చూసి చెయ్యెత్తింది. మరో గంట దాకా బస్సు లేదని నాకు తెలుసు. తల తిప్పకుండా వెళ్లిపోయాను.

పుస్తకం వచ్చింది, చదువు అయిపోయి ఆ అమ్మాయి దేశానికి ఆ చివరన ఉన్న బర్నబీ వెళ్లిపోయింది. కొన్నాళ్లకి అక్క వీడియో కాల్లో, ఆ ఆకుపచ్చ గొడుగుతో భలే తిప్పావే అని మెచ్చుకుంది. నల్ల గొడుగు కదక్కా అన్నాను. “నువ్వు తప్పులు చూడమని పంపినదాంట్లో ఆకుపచ్చే కదే, మీ బావగారు వాకింగ్ ఫ్రెండ్స్‌కి పంపిందీ అదే” అంది. చివరి ప్రింటు తీశాక రంగు మళ్లీ నలుపుకి మార్చకుండా అదే ఫైలు అక్కకి పంపానన్నమాట. ప్రతులు పంచేముందే రాసుకున్న అనుమానితుల జాబితాలో ప్రింటు తీసిచ్చిన షాపతన్నీ, మా ఆయన్నీ కూడా చేర్చిన నాకు అక్క తట్టనే లేదు. నిజం రాయడానికి మొహం చెల్లక, ఆ అమ్మాయికి బాగున్నావా అని మాత్రం మెసేజ్ పెట్టాను. బాగున్న ఆంటీ, మీరెట్లున్నరు అని వచ్చింది. అంతే.

నిన్న ఆ సంచీ విప్పాను. చివరి అధ్యాయం కవరు మీద నేను వేసిన టేపు వేసినట్టే ఉంది. పైన పెన్సిలుతో రాసి ఉంది: “ఇంట్ల మనిషే. ఇంట్లోల్ల మీద ఆంటీ మనకు డౌటే రానిస్తలేరు, అందుకే.” కథ వరకూ ఆ ఊహ తప్పు. అలమర ముందు కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు లింకు పంపితే చాలు, చదివేవాళ్ల పేరు ప్రతి పేజీ మీదా దానంతటదే పడుతుంది, గొడుగులకి రంగులు మార్చే పని లేదు. ఊళ్లో పిల్లలు పలచబడ్డారు. నా పాఠకులు నాలుగో ఐదో స్టార్లు ఇచ్చి వెళ్లిపోతారు, హంతకుడి కోసం పోట్లాడుకునేవాళ్లు లేరు, ముగింపు బయటపెట్టేటంత ఆత్రం కూడా ఎవరికీ లేదు. కవరు నేను చించలేదు. జరిగింది జరిగినట్టు రాసి, నీ అడ్రసు ఇస్తే కవరు పంపిస్తానని నిన్న సాయంత్రమే ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. బర్నబీలో టైము ఇక్కడికన్నా మూడు గంటలు వెనక కదా, చూసుకుని ఉండదు.