పౌడరు కడిగేసిన ఫొటో

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి బయట బల్ల వేసి పేదపిల్లల ఫొటోలు పరిచారు. నచ్చిన పిల్లను ఎంచుకుని చదువు ఖర్చు భరించాలట. ఒక్క పిల్లకూ తల దువ్వి లేదు. "వీళ్ళ తల్లులకు తలా ఒక దువ్వెన కొనిస్తే పోలా?" అన్నాను. మా ఆవిడ నా నడుం గిల్లింది. గిల్లిన చోటు కన్నా లోపల ఇంకెక్కడో ఎక్కువ మండింది. అది పాత మంట.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అక్క ఖమ్మంలో రైలు పట్టాల వెనక బస్తీలో కిరాయికి ఉండేది. రేకుల కప్పు, చాపంత వాకిలి. వానాకాలం వస్తే మోరీ నీళ్ళు పిలవకుండానే వచ్చే చుట్టాలు. బావ భద్రాచలం అడవుల్లోంచి వెదురు తెచ్చే లారీకి డ్రైవరు. ఆయన ఇంటికి రావడమే ఒక పండగ, ఆ పండగ ఎప్పుడొస్తుందో ఏ క్యాలెండరూ చెప్పేది కాదు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టాను, బడి కూడా నన్ను ఉండమని బతిమాలలేదు. అప్పటికి ఆటో నడుపుతున్నాను. మా ఇంటావంటా లేని చదువు మేనకోడలికి ఎట్లా అంటుకుందో గానీ, ఎరువుల సంచుల దగ్గర్నుంచి నా ఆటో వెనక రాతల దాకా కనిపించిందల్లా చదివేసేది. అడవి అంచున ఉన్న మిషన్ హాస్టల్లో దానికి సీటు ఇస్తామన్నారు. అయితే ముందు ఫొటో పంపాలి, అది చూసి విదేశాల్లో ఎవరో ఒక దాత ఒప్పుకోవాలి. బడి తెరిచేలోపు ఎవరూ ఒప్పుకోకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఫొటో అనగానే అక్కకు పెళ్ళిచూపులంత హడావిడి. ఎదురింటామె గొలుసు అడిగి తెచ్చి మెడలో వేసింది. చుట్టాల పెళ్ళికి కుట్టించిన జరీ గౌను తొడిగింది. ముఖానికి గోడకు సున్నం కొట్టినట్టు పౌడరు కొట్టింది. స్టూడియోలో మేడ మెట్లూ, పక్కన కారూ గీసిన తెర ముందు నిలబెట్టించింది. పరాయి దేశం పోయే ఫొటో కదా మరి. మిగతా పిల్లల ఫొటోల కట్టతో పాటే అది పోయింది, పోయినంత జల్దీగా తిరిగొచ్చింది. ఈ కుటుంబం బాగానే ఉన్నట్టుంది, ఇంతకన్నా పేదపిల్లను చూపించమని దాతలు అన్నారట. హాస్టల్ తరఫున ఆ పని చూసే సారు కోస్తా నుంచి వచ్చిన నెమ్మదైన మనిషి. నన్ను పిలిపించి, "ఏమయ్యా, ఈ మేడ మీదేనా అని అడుగుతున్నారు" అన్నాడు. "మాదే సార్, కాకపోతే మెట్లు గుడ్డవి" అన్నాను. సారు నవ్వలేదు.

చివరికి ఆయనే కెమెరా పట్టుకుని ఇంటికి వచ్చాడు. అక్క అప్పటికే వాకిలి అలికి, నాలుగిళ్ళు తిరిగి ప్లాస్టిక్ కుర్చీలూ పూల దుప్పటీ తెచ్చి, పిల్లకు మళ్ళీ పౌడరు వేసి సిద్ధంగా ఉంది. సారు తల పట్టుకున్నాడు. "అమ్మా, పాపకు పాత గౌను వేసి, జుట్టు కాస్త చెదరగొట్టండి."

"ఏంది సార్ గట్లంటరు? పరాయోళ్ళ ముంగట నా బిడ్డను తల్లి లేని పిల్ల లెక్క నిలబెట్టాల్నా?"

"సీటు కోసమేనమ్మా నేను చెప్పేది."

"సీటు గావాలె సార్. దాని ఇజ్జత్ గూడ గావాలె."

"అక్కా, జర సారు మాటిను. గాళ్ళు దువ్విన తలకు సదువు చెప్పియ్యరంట" అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్‌రా. గా సదువేదో నువ్వే సదివితే ఇయ్యాల మనకీ తిప్పలెందుకు?"

ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరి మీద? సారు చెడ్డవాడు కాదు. డబ్బు పంపేవాళ్ళు మంచివాళ్ళే. అక్క అన్నదాంట్లో ఒక్క మాటా తప్పు లేదు. ఆటో ఎక్కి కూర్చుని, ఎక్కడ దిగాలో చెప్పని మనిషిలాంటిది ఆ కోపం. తిప్పడమే తప్ప దించే చోటు లేదు.

మేం ముగ్గురం వాదించుకుంటుండగా పిల్ల తొట్టి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. గొలుసు తీసి తల్లి చేతిలో పెట్టింది. వెనక గుండీలు ఊడిన బడి గౌను వేసుకుని, జడ విప్పుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కానీ దానికి నవ్వు ఆగడం లేదు, ఊడిన ముందుపన్ను సందులోంచి పొంగుకొస్తోంది. "నవ్వకూడదు పాపా" అన్నాడు సారు. పిల్ల నా వైపు చూసింది.

"మామా, నవ్వకపోతే నన్ను తీసుకుంటరా?"

"అవ్ బిడ్డా" అన్నాను.

పెదాలు బిగించుకుంది. అక్క వీధివైపు తిరిగింది. కెమెరా చప్పుడైంది.

ఈసారి దాత దొరికాడు. పిల్ల అడవి అంచుకు పోయి చదువుకుంది. ఏటేటా ఫొటో పంపాల్సి వచ్చేది. మొదట్లో సారు గుర్తు చేయాల్సి వచ్చేదట, తర్వాత కెమెరా కనిపిస్తే చాలు, ఆ ముఖం తనంతట తనే పెట్టేదట. ఇప్పుడు భద్రాచలంలో పెద్ద దవాఖానాలో నర్సు. ఆమె పెళ్ళిలో ఫొటోగ్రాఫరు "కొంచెం నవ్వండి మేడమ్" అని బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. నేను పక్కన నిలబడి నాకు తెలిసిన జోకులన్నీ వేశాను. పడీపడీ నవ్వింది, కెమెరా పైకి లేచేదాకా. కాలం ఊడిన పన్ను మొలిపించింది, రేకుల ఇంటి నుంచి గట్టెక్కించింది, మా అక్క జుట్టు తెల్లబరిచింది; ఆ పూట మేం నేర్పిన ముఖాన్ని విప్పడం మాత్రం ఆ కాలానికి ఇంతవరకూ చేతకాలేదు.