పళ్లెంలో ఎక్కువైన దీపం

మా అత్తగారి ఊరు బాగేపల్లి దగ్గర. ఏటా ఎండలు ముదిరే వేళకు అక్కడ అమ్మవారి జాతర. నానబెట్టిన బియ్యం దంచి, ఆ పిండిలో బెల్లం కలిపి ముద్దలు చేసి, పైన గుంట నొక్కి నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. తంబిట్టు దీపాలంటారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని దీపాలు. పళ్లెంలో పెట్టి నెత్తిన మోసుకుని గుడికి తీసుకెళ్తారు. తిరిగొచ్చాక ఎవరి దీపం వాళ్లు విరుచుకుని తినాలి. వత్తి కాలిన చోట పిండి కాస్త మాడి, నెయ్యి ఇంకి ఉంటుంది. నా కూతురికి ఆ మాడిన ముక్కంటే ప్రాణం. తనది అయిపోగానే నా దీపంలోదీ గిల్లుకునేది.

ఆరేళ్లకే జ్వరంతో పోయింది. అది ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను అమ్మవారికి మొక్కని మొక్కు లేదు. అందుకే ఆ తర్వాత ఆమె ముఖం చూడకూడదనుకున్నాను. ఇకమీదట నాకు దీపం చేయొద్దని అత్తకు తెగేసి చెప్పాను. మామూలుగా ఆమె మాట్లాడితే నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం తల వంచుకుని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

నేనూ మా ఆయనా చింతామణికి వచ్చేశాం. అక్కడ బట్టలు కుడతాను. జాతరకు ఆయనొక్కడే వెళ్లొచ్చేవాడు. అక్కడి మాటలు నా దగ్గర ఎత్తొద్దన్నాను. ఆ రోజు నేను తొందర లేని పని కూడా మిషన్ మీద వేసుకుని కూర్చునేదాన్ని. కోపంతోనే ఉన్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని కానీ, నిజానికి అమ్మవారి మీద బెంగగా ఉండేది. చిన్నప్పటి నుంచీ కూరలో ఉప్పు ఎక్కువైనా అమ్మవారికే చెప్పుకునే మనిషిని. ఇంత పెద్ద దుఃఖం వచ్చాక చెప్పుకోవడానికి ఎవరూ లేకుండా చేసుకున్నాను.

కిందటేడు అత్తకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయంటే పిండి దంచడానికి వెళ్లాను. గుడికి మాత్రం రానని ముందే చెప్పాను. దంచడం అయ్యాక పెరట్లో రోలు కడిగి లోపలికి వచ్చేసరికి అత్త దీపాలు వెలిగించి పళ్లెంలో సర్దుతోంది. అత్తది, మా ఆయనది, మరిదిది. పక్కన ఇంకొకటి.

పోయినవాళ్లకు దీపం చేయరు. అది ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ముసలామె మతి తప్పి మనవరాలికి చేసిందనుకున్నాను. బిడ్డకెందుకు చేశావని గట్టిగానే అడిగాను.

"బిడ్డది కాదమ్మా, నీది," అంది అత్త. "ఏటా చేస్తానే ఉండాను."

నేను వద్దన్నాను కదా అన్నాను.

"నువ్వు వద్దంటివి. గుళ్లో ఉండే ఆయమ్మ వద్దనలేదు కదా. ఏటా తీసకపోయి ఆయమ్మ ముందరే పెట్టొస్తాండా, నువ్వొచ్చేదాకా ఆడనే ఉండనీ అని."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో అది నాది కాకుండా నా బిడ్డదే అయితే బాగుండుననిపించింది. పళ్లెం ఎత్తి అత్త నెత్తిన పెట్టాను. మరిది ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాడు. నేను గడపలోనే నిలబడి, మలుపు తిరిగేదాకా ఆ నాలుగు వెలుగులూ చూశాను.

ఈసారి అత్త నా దీపం అక్కడ వదల్లేదు. తెచ్చి చేతిలో పెట్టింది. విరుచుకుని తిన్నాను. మాడిన ముక్క మాత్రం గిల్లి పళ్లెం అంచున పెట్టాను. అలవాటు. తీసుకోవడానికి ఏ చెయ్యీ రాలేదు. ఇన్నేళ్లకు ఆ పూట అమ్మవారితో మాట్లాడాను. నువ్వు నన్ను వదల్లేదని అత్త అంటోంది కదా, నా బిడ్డ నీ దగ్గరే ఉంటే ఈ ముక్క దానికి పెట్టు అన్నాను.