ఫోటోలో పండిన చేను

కనగానపల్లి పొలాల్లోకి సర్వే జీపు వస్తే, కూలికి కొలతగడ పట్టుకుని నిలబడేది హజరత్‌వలే. నడుం వంగింది గానీ గడను మాత్రం నిటారుగా పడతాడు. ఎండకు కళ్లు మూసుకుని, పిలిస్తేనే తెరుస్తాడు. ఆ రోజు జీపు అతని చేని దగ్గరే ఆగింది. ఆఫీసరు ఉపగ్రహం తీసిన ఫోటోను బానెట్ మీద పరిచాడు.

"ఇందులో ఎర్రగా కనబడేదంతా పచ్చదనమే. ఈ చేను పండింది. కరువు సాయం రాదు."

"శెనక్కాయ ఎప్పుడో ఎండిపాయ సార్. ఆడ పచ్చగా ఉండేది కంపచెట్లు."

"పైనుంచి చూసేది అబద్ధమాడతాదా, ఏమప్పా?" డ్రైవరు నవ్వాడు.

హజరత్‌వలి చెప్పులో దిగిన కంపముల్లు పీకి, ఫోటోలో ఆ ఎర్రమచ్చ మీద పెట్టాడు.

"నాకు పండింది ఇదే సార్."

ఆఫీసరు ముల్లును ఊదేసి, 'పంట ఉంది' అని రాసుకున్నాడు. హజరత్‌వలి గడ నిటారుగా పట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.